గ్రామసభ వీడియోలో కుదుపులు: కారణములు, చికిత్స

గ్రామసభ నిర్ణయములను తీర్మానముల పుస్తకములో వ్రాసి, హాజరైనవారిచే సంతకములును వేలిముద్రలును చేయించుట మన పంచాయతీలకు అలవాటైన పని. ఆ పుస్తకమునకు తోడుగా ఇటీవల వీడియో వచ్చి చేరినది. సభ జరుగుచుండగా ఒకరు ఫోనుతో చిత్రింతురు. పిదప కార్యదర్శియో, గ్రామ సచివాలయములోని డిజిటల్ అసిస్టెంటో, కంప్యూటరు తెలిసిన యువకుడెవడో దానిని సవరించి పదిమందికి పంపును. 2025 ఆగస్టులో కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ ‘సభాసార్’ అను సాధనమును ప్రారంభించినది. సభ యొక్క వీడియోను గాని ధ్వనిని గాని దానికి అందించినచో, అది సభా కార్యక్రమ వివరములను వ్రాసి యిచ్చును. కావున ఈ వీడియో వేడుక కొరకు తీసినది కాదు. అది సభ రికార్డులో ఒక భాగమగుచున్నది.

పెండ్లి వీడియో కుదిపినచో చూచువారు విసుగుకొందురు. అంతకు మించి నష్టము లేదు. గ్రామసభ వీడియో సంగతి వేరు. ఇండ్ల స్థలములకు అర్హుల జాబితాను చదువుచున్న ఘట్టములో బొమ్మ ఒక్కచోట ఆగి, ఉలికిపడి ముందుకు దుమికినదనుకొందము. జాబితాలో తన పేరు కానరాని వ్యక్తి దానిని చూచి, “నా పేరు ఇక్కడ చదివినారు, తరువాత కోసివేసినారు” అనును. కోయలేదని కార్యదర్శి చెప్పును. ఇరువురును నిజమే చెప్పుచున్నామని అనుకొందురు. వీడియోలో ఏ దుర్బుద్ధియు లేకపోవచ్చును. కేవలము లెక్క కుదరకపోవుట వలన ఆ కుదుపు పుట్టియుండవచ్చును. ఆ లెక్క ఏమిటో పంచాయతీ సభ్యులకు తెలిసియుండినచో సగము తగవు మొదటనే తీరును.

ఫిర్యాదు సాధారణముగా ఇట్లుండును: ఫోనులో చూచినప్పుడు దృశ్యము నున్నగా సాగినది, కంప్యూటరులో ఎడిటింగ్ సాఫ్ట్‌వేరున చేర్చి, ముందు వెనుకల అనవసర భాగములు తీసివేసి, ఎక్స్‌పోర్టు చేసిన తరువాత మనుష్యులు నత్తిగా కదలుచున్నారు, పెదవులొకచోట మాటలొకచోట నున్నవి. ఎక్స్‌పోర్టు అనగా ఇచ్చట మిర్చియు పొగాకును ఓడ నెక్కించుట కాదు. పేర్చిన ముక్కలన్నిటిని కలిపి, అందరును చూడదగిన ఒక్క ఫైలుగా సాఫ్ట్‌వేరు అచ్చువేసి యిచ్చుటకే ఆ పేరు. కుదుపు కనబడగానే చాలమంది చేయు పని, నాణ్యమును ఇంకను పెంచి మరల ఎక్స్‌పోర్టు చేయుట. గంట సేపు కంప్యూటరు వేడెక్కును, ఫైలు రెండింతలగును, కుదుపు మాత్రము అట్లే యుండును. నీళ్లు రాని కుళాయి వద్ద బిందె మార్చిన ఫలమేమి? గొట్టములో ఎక్కడ అడ్డుపడినదో ముందుగా చూడవలెను.

చూచుటకు సులభమైన పరీక్ష ఒకటి కలదు. కుదుపు వచ్చిన నిమిషమును, సెకనును కాగితముపై వ్రాసికొనవలెను. అదే ఫైలును రెండవసారి చూడవలెను. వీలైనచో మరియొక కంప్యూటరులోనో ఫోనులోనో చూడవలెను. ప్రతిసారియు సరిగా అదే సెకను వద్ద కుదిపినచో దోషము ఫైలులోనే కలదు. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ కుదిపినచో ఫైలు నిర్దోషి; చూపించు యంత్రము దాని వేగమును అందుకొనలేకున్నది. పెన్‌డ్రైవు నుండి నేరుగా ఆడించినప్పుడు ఇట్లు తరచుగా జరుగును. ఫైలును కంప్యూటరులోనికి నకలు చేసికొని చూచినచో కుదుపు మాయమగును. మరియొక సందర్భము కలదు. ఎడిటింగ్ చేయునప్పుడు సాఫ్ట్‌వేరు కిటికీలో బొమ్మ ఆగి ఆగి కదలినంత మాత్రమున ఎక్స్‌పోర్టు చెడినదనుకొనరాదు. అప్పుడు కంప్యూటరు అప్పటికప్పుడు లెక్కించి చూపవలసియున్నది గనుక తడబడును. ఎక్స్‌పోర్టులో దానికి తొందర లేదు. నిమిషపు దృశ్యమునకు ఐదు నిమిషములైనను తీసికొని, ఏ బొమ్మను విడువక వ్రాయును.

సందేహము తీరనిచో వీ.ఎల్.సీ. ప్లేయరులో ఫైలును తెరచి, అనుమానము గల చోట ఆపి, ‘ఇ’ అను ఆంగ్లాక్షరపు మీటను ఒక్కొక్కసారి నొక్కవలెను. నొక్కినప్పుడెల్ల ఒక్క బొమ్మ ముందుకు జరుగును. ఎత్తుచున్న చేయి కొంచెము కొంచెముగా లేచుచుండినచో సరియే. మూడు నాలుగు నొక్కులకు సమముగా లేచి, ఒక నొక్కుకు కదలకుండ నిలిచినను, ఒక నొక్కుకు రెండు మెట్లు ఎగిరినను వ్యాధి తెలిసినట్లే.

ఆ వ్యాధిని అర్థము చేసికొనుటకు చలనచిత్రపు మూలము కొంత తెలియవలెను. వీడియోలో నిజముగా కదలునది ఏదియు లేదు. కదలని బొమ్మలను వెంటవెంట చూపుటచే కన్ను కదలికను భ్రమించును. ఒక్కొక్క బొమ్మను ఫ్రేము అందురు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు చూపును. భారతదేశములో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తములతో వచ్చును గనుక, దానికి పొంతనగా టెలివిజను 25 ఫ్రేముల పద్ధతిని అవలంబించినది. విద్యుత్తు 60 ఆవృత్తములుగా నున్న అమెరికాలో అది 30 అయినది. అక్కడ 1953లో రంగుల టెలివిజను పద్ధతిని ఆమోదించినప్పుడు సాంకేతిక కారణముచే దానిని కొంచెము తగ్గించి 29.97 చేసిరి. ఆ చిల్లర అంకె నేటికిని సాఫ్ట్‌వేర్ల జాబితాలలో కనబడి క్రొత్తవారిని తికమక పెట్టుచున్నది. మన ఫోనులు సాధారణముగా సెకనుకు 30 ఫ్రేములు తీయును.

ఫోను 30 తీసినది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో ముక్కలను వరుసగా పేర్చు పట్టీకి టైమ్‌లైను అని పేరు. ఆ టైమ్‌లైను 25గా నున్నదనుకొందము. సెకనుకు ఐదు ఫ్రేములకు చోటు లేదు. సాఫ్ట్‌వేరు ఏమి చేయును? ప్రతి ఆరవ ఫ్రేమును వదలివేయును. రోడ్డు వెంట సమదూరములో పాతిన 30 కరెంటు స్తంభములలో ప్రతి ఆరవదానిని పెరికివేసినచో, బస్సులో పోవువానికి ఐదు స్తంభములు తాళము తప్పక దాటి, ఆరవచోట వెలితి తగులును. సెకనుకు ఐదు వెలితులు, నిమిషమునకు మూడువందలు. నడచుచున్న మనిషి, తిరుగుచున్న కెమెరా కుంటినట్లు కనబడుటకు ఇది చాలును. ఇందుకు విరుద్ధముగా, 24 ఫ్రేములతో తీసినదానిని 30కి పెంచినచో ప్రతి నాలుగు ఫ్రేములకు ఒకటి రెండుమారులు చూపవలసివచ్చును. నాలుగడుగులు నడచి ఐదవమారు నిలిచిన చోటనే కాలు మోపిన నడక వంటిది అది. 60ని 30గా మార్చుటలో మాత్రము ఇబ్బంది లేదు. ఒకటి విడిచి ఒకటి తీసినను ఎడములు సమముగానే యుండును.

ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. ఇట్లు ఫ్రేములు రాలుట వలన ఎత్తిన చేయి ఎత్తనట్లు కాదు, పలికిన పేరు పలుకనట్లు కాదు. సెకనులో ముప్పదవ వంతు బొమ్మ పోయినంత మాత్రమున సాక్ష్యము పోదు. ఈ కుదుపు సమముగా, వీడియో పొడవునను వచ్చును. నిజముగా కోసిన చోట మనుష్యులు ఒక్కమారుగా చోటు మారుదురు, మాట నడుమ తెగును, వెనుకనున్న ఫ్యాను చప్పుడు కూడ ఎగురును. ఈ రెంటికిని గల భేదము తెలిసిన సభ్యుడు తగవులో పెద్దమనిషిగా కూర్చుండగలడు.

పై లెక్కకంటె చిక్కైనది మరియొకటి కలదు. మేము చూచినంతలో ఫోను వీడియోలను పీడించు కుదుపులలో అధికభాగము దీనివలననే వచ్చును. ఫోను 30 తీయుదునని చెప్పును గాని, ఆ మాటను నిలుపుకొనదు. సభ సాయంకాలము మొదలై చీకటి పడువరకు సాగినదనుకొందము. వెలుతురు తగ్గినకొలది ఒక్కొక్క బొమ్మకు ఎక్కువ సేపు కాంతిని పట్టవలసివచ్చి, ఫోను తనంతట తానే 24కో, అంతకు దిగువకో ఫ్రేములను తగ్గించును. ఎండలో బల్లపై పెట్టి గంటసేపు తీసినచో వేడెక్కి కూడ కొన్ని ఫ్రేములను జారవిడుచును. ఇట్లు నిమిషమునకొక వేగముతో తీసిన వీడియోను ‘వేరియబుల్ ఫ్రేమ్ రేట్’ గలదందురు. ఏ వేగములోనైనను నిలుకడగా తీసినది ‘కాన్‌స్టెంట్’. ఫోనులో చూచినప్పుడు దోషము తెలియదు. ఏ బొమ్మ ఏ క్షణమునకు చెందినదో ఫైలులోనే గుర్తు వ్రాయబడియుండును, ఫోను ఆ గుర్తు ననుసరించి చూపును. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు అట్లు కాదు. అది నిలుకడ వేగముపై కట్టిన యంత్రము. వచ్చిన ఫ్రేములను తన గడులలో సర్దుటకు ఒకచోట సాగదీసి, ఒకచోట నొక్కి, మరొకచోట రాల్చును. అందుచే కుదుపు సమముగా కాక విడివిడిగా, చీకటి భాగములలో ఎక్కువగా వచ్చును. జనులు అనుమానించు కుదుపు ఇదియే.

దీనితోపాటే మాట తప్పును. ధ్వనికి ఫ్రేములతో పనిలేదు. అది తన వేగమున తాను పోవును. పది నిమిషముల భాగమును ఫోను సెకనుకు 24 చొప్పున తీసినచో 14,400 ఫ్రేములు వచ్చును. వానిని ఒకదాని వెనుక ఒకటిగా 30 గడుల టైమ్‌లైనులో పేర్చినచో ఎనిమిది నిమిషములకే బొమ్మ ముగియును; మాట ఇంకను రెండు నిమిషములు మిగిలియుండును. సాఫ్ట్‌వేర్లు ఇంత మోటుగా సాధారణముగా చేయవు గాని, దోషపు మార్గము ఇదే. 29.97 వేగముతో తీసినదానిని 30 అనుకొని గడికొక ఫ్రేము చొప్పున పేర్చినను, గంట సభ ముగియునప్పటికి సుమారు మూడున్నర సెకనుల తేడా వచ్చును. సర్పంచి నోరు మూసిన తరువాత సర్పంచి మాట వినబడుటకు అది చాలును. సభాసార్ వంటి సాధనములకు ధ్వనియే ఆధారము గనుక, వానికి ఎడిట్ చేసిన నకలుకంటె మూలమునే ఇచ్చుట మేలని మా అభిప్రాయము.

చికిత్స కఠినమైనది కాదు; ఖర్చు లేదు. మీడియాఇన్ఫో అను ఉచిత సాఫ్ట్‌వేరులో ఫోను ఫైలును తెరచినచో దృశ్య వివరములలో ‘ఫ్రేమ్ రేట్ మోడ్’ అను వరుస కనబడును. అక్కడ వేరియబుల్ అని యుండినచో, ఎడిటింగునకు ముందే దానిని కాన్‌స్టెంట్‌గా మార్చవలెను. అందుకు హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత సాఫ్ట్‌వేరు చాలును. అందు వీడియో విభాగములో ఫ్రేమ్ రేటు వద్ద 30 ఎన్నుకొని, ‘కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్’ అను గుండ్రని గుర్తును నొక్కవలెను. నాణ్యమునకు ఆర్.ఎఫ్. అను అంకె యుండును. అది తగ్గినకొలది నాణ్యమును, ఫైలు పరిమాణమును పెరుగును. 18 పెట్టినచో ఎడిటింగునకు తగిన నకలు వచ్చును. కెడెన్‌లైవ్, షాట్‌కట్ అను ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు వేరియబుల్ ఫైలును చేర్చగానే తామే హెచ్చరించి, మార్చి యిచ్చెదమని అడుగును. ఆ ప్రశ్నను చదువక ‘వద్దు’ అని నొక్కి ముందుకు పోవువారే ఎక్కువ. చదివినచో ఈ వ్యాసములో సగభాగము అవసరము లేకపోయెడిది.

చీకటిలో ఫోను తీయని ఫ్రేములను ఏ సాఫ్ట్‌వేరును సృష్టింపజాలదు. మార్చుట వలన ఎడములు ఒక క్రమమునకు వచ్చును, మాటయు బొమ్మయు కలిసి నడచును, అంతే. అసలు మందు సభాస్థలములో దీపము. రెండు మంచి దీపములు వెలిగించి, ఫోనును చేతితో పట్టుకొనక ముక్కాలిపీటపై నిలిపి, వేడెక్కకుండ నీడలో నుంచినచో వేరియబుల్ బాధ చాలవరకు తగ్గును. ఐఫోనులో వీడియో అమరికలయందు ‘ఆటో ఎఫ్.పీ.ఎస్.’ అను మీట కలదు. దానిని ఆపివేసినచో చీకటిలో వేగమును తగ్గించు అలవాటును మానును.

తరువాత చూడవలసినది టైమ్‌లైను వేగము. ఫోను 30 అయినచో టైమ్‌లైను 30, ఎక్స్‌పోర్టు 30. మూడుచోట్లను ఒకే అంకె యుండవలెను. డావిన్సీ రిజాల్వ్ వాడువారు దీనిని మొదటనే నిర్ణయించుకొనవలెను. అందులో వీడియోలను చేర్చిన పిదప ప్రాజెక్టు వేగమును మార్చనీయదు. పని అంతయు పూర్తియైన తరువాత 24లో నున్నదని గ్రహించి తల పట్టుకొనుటకంటె, తొలుత అర నిమిషము వెచ్చించి అంకెను చూచుట నయము. మనది 25 ఫ్రేముల దేశము గదా, 25 పెట్టవలదా యని కొందరు అడుగుదురు. టెలివిజను ప్రసారమునకైనచో అది న్యాయమే. గ్రామసభ వీడియోను జనులు ఫోనులలో చూతురు. ఫోను తెరలు, కంప్యూటరు తెరలు సాధారణముగా సెకనుకు 60 మారులు బొమ్మను మార్చును. 30 అందులో సమముగా ఇమిడి, ప్రతి ఫ్రేము రెండేసి మారులు కనబడును. 25 ఇమడదు. కావున 30నే ఎన్నుకొనుడని మేము చెప్పుదుము.

ట్యూబులైట్ల క్రింద తీసిన వీడియోలో నల్లని పట్టీలు పైకి క్రిందికి ప్రాకుచుండుట ఈ వ్యాధి కాదు. దీపము సెకనుకు నూరుమారులు మినుకుటకును, ఫోను బొమ్మ పట్టు వ్యవధికిని పొత్తు కుదరకపోవుట వలన అది కలుగును. బొమ్మకు పట్టు కాలమును సెకనులో యాబదవ వంతుగా గాని నూరవ వంతుగా గాని నిలిపినచో అది పోవును. ఎక్స్‌పోర్టుతో దానికి సంబంధము లేదు.

ఇక బిట్‌రేటు. సెకను దృశ్యమును ఎంత సమాచారముతో వ్రాయవలెనో తెలుపు కొలత ఇది. చాల తక్కువైనచో కదలికలున్న చోట బొమ్మ గడులుగడులుగా చెదరును; మిక్కిలి ఎక్కువైనచో పాత ఫోనులు దానిని ఆడింపలేక ఆగిపోవును. 1080 గీతల వీడియోకు, సెకనుకు 30 ఫ్రేములైనచో, యూట్యూబ్ వారి సిఫారసు 8 మెగాబిట్లు. 720 గీతలకు 5. గ్రామసభకు 720 చాలునని మేము భావింతుము. 8 మెగాబిట్లు అనగా సెకనుకు ఒక మెగాబైటు. గంటకు 3,600 మెగాబైట్లు. గంటన్నర సభ 5 గిగాబైట్లు దాటును. ఫ్యాట్-32 పద్ధతిలో అమర్చిన పెన్‌డ్రైవు 4 గిగాబైట్లకు మించిన ఫైలును పట్టదు. చోటు ఖాళీగా నున్నను నకలు నిరాకరింపబడుట చూచి పెన్‌డ్రైవు చెడినదని పారవేయనక్కరలేదు. ఎక్స్-ఫ్యాట్ పద్ధతికి మార్చినచో పట్టును. మార్చునప్పుడు అందున్నదంతయు చెరిగిపోవును గనుక ముందుగా వేరొకచోట దాచవలెను.

ఎక్స్‌పోర్టు రూపముగా హెచ్.264 గల ఎం.పీ.4 ఎన్నుకొనుట క్షేమము. 2013లో వచ్చిన హెచ్.265 సగము చోటులో అంతే నాణ్యము నిచ్చును గాని, పాత కంప్యూటర్లలో దానిని విప్పు భాగము లేనందున వీడియో నత్తివలె సాగును. కొన్ని ఫోనులు హెచ్.265లోనే చిత్రించును, అమరికలలో మార్చుకొనవచ్చును. ఎక్స్‌పోర్టు జరుగుచుండగా డిస్కులో చోటు నిండుట, పాత కామ్‌కార్డరు దృశ్యములలో దువ్వెన పళ్లవంటి గీతలు పడుట, వేగము తగ్గించిన దృశ్యము కుంటుట మొదలగునవి కూడ లేకపోలేదు. సభ వీడియోలో వేగము తగ్గించు పని ఎవరికిని ఉండకూడదు గనుక దానిని విడిచితిమి.

కొందరు కుదుపును కప్పిపుచ్చుటకు రెండు ఫ్రేములను కలిపి నడుమ క్రొత్త ఫ్రేమును కల్పించు సదుపాయమును వాడుదురు. ‘ఆప్టికల్ ఫ్లో’ అను పేరున అది అనేక సాఫ్ట్‌వేర్లలో కలదు. సినిమాకు, పాటలకు అది సొగసైనదే. గ్రామసభ వీడియోలో దానిని వాడరాదని మా దృఢాభిప్రాయము. అది చూపు ఫ్రేములలో కొన్ని కెమెరా చూచినవి కావు, కంప్యూటరు ఊహించినవి. చేతులెత్తిన దృశ్యములో ఊహకు తావీయరాదు. కుంటుచున్నను ఉన్నది ఉన్నట్లు చూపుట మేలు.

ఇదంతయు నకళ్ల సంగతి. ఫోను నుండి వచ్చిన మూల ఫైలును మాత్రము ఎట్టి పరిస్థితులలోను చెరపరాదు, దానిపై మరియొకటి వ్రాయరాదు. వాట్సాప్‌లో వీడియోగా పంపినదానిని మూలముగా భావింపరాదు. అది దారిలో కుదించి మరల వ్రాసిన నకలు. తీగతో గాని కార్డుతో గాని నేరుగా కంప్యూటరులోనికి తెచ్చి, పేరులో గ్రామమును, సభ తేదీని చేర్చి, రెండు వేరువేరు చోట్ల దాచవలెను. తీర్మానముల పుస్తకములో ఆనాటి పుటపైననే ఫైలు పేరును, నిడివిని నిమిషములు సెకనులతో వ్రాయించి, సభ్యులచే సంతకము చేయించినచో మరియును మంచిది. కుదుపును గూర్చి ఎవరైనను అడిగిన దినమున మూలమును తెరచి, కాగితముపై వ్రాసికొన్న ఆ సెకనునకు పోయి, అడిగినవానినే ‘ఇ’ మీట నొక్కుమనవచ్చును.